ఎడారి మేడల్లో మీటరు ఏరియల్

విజయవాడ ఆకాశవాణి మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద పలుకుతుంది. ఆ తరంగం పొడవు 358 మీటర్లు. పాఠ్యపుస్తకాల్లో ఉన్నట్టు పావు తరంగం ఏరియల్ నిలబెట్టాలంటే దాదాపు 90 మీటర్ల ఎత్తు కావాలి. దుబాయ్‌లో అంత ఎత్తున్న మేడలకు కొదవ లేదు. వాటిలో అద్దెకున్న తెలుగువాడికి మాత్రం ఏరియల్ పెట్టుకోవడానికి మిగిలేది నాలుగడుగుల బాల్కనీ. అక్కడ కూడా బట్టలు వేలాడదీయొద్దని, డిష్‌లూ యాంటెన్నాలూ బిగించొద్దని మునిసిపాలిటీ హెచ్చరిస్తూ ఉంటుంది. కాబట్టి రెయిలింగ్ లోపల, బయటివాళ్ల కంటపడకుండా, మీటరు పొడవుకు మించని వస్తువుతో పని జరగాలి. జరుగుతుంది కూడా. ఆ వస్తువు పేరు యాక్టివ్ యాంటెన్నా: ఒక పొట్టి కడ్డీ గానీ చిన్న తీగ చుట్టు గానీ, దాన్ని అంటిపెట్టుకుని ఒక చిన్న ట్రాన్సిస్టర్ సర్క్యూట్. సరిగ్గా కడితే అదొక్కటే మీడియం వేవ్ నుంచి షార్ట్ వేవ్ చివర 30 మెగాహెర్ట్జ్ దాకా, ఎక్కడా ట్యూన్ చేయకుండా, అన్నిటినీ ఒకేలా అందుకుంటుంది.

ఫోన్‌లో ఆకాశవాణి యాప్ ఉండగా ఈ శ్రమెందుకని అడిగేవాళ్లు ఉంటారు. వార్తలు వినడానికైతే యాప్ చాలు. కానీ నెట్ తెగిపోయిన రోజున పనికొచ్చేది రేడియో. 2004 డిసెంబర్ 26న సునామీ అండమాన్‌ను ముంచెత్తినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతీ ప్రసాద్ బృందం షార్ట్ వేవ్ మీదే బయటి ప్రపంచానికి కబుర్లు చేరవేసింది. అదీగాక, మధ్యలో ఏ కంపెనీ సర్వరూ లేకుండా అరేబియా సముద్రం దాటి నేరుగా మన గదిలోకి వచ్చే తెలుగు మాటకు ఉన్న విలువ, పరాయి దేశంలో ఉన్నవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

దూరం అసాధ్యమైనదేమీ కాదు. దుబాయ్ నుంచి హైదరాబాద్ సుమారు 2,550 కిలోమీటర్లు, విజయవాడ సుమారు 2,800. పగలు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఉండే డి పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర కరిగిపోతుంది, పైనున్న పొరలు తరంగాన్ని కిందికి వంచి పంపుతాయి. చలికాలంలో దుబాయ్‌లో సాయంత్రం ఐదున్నరకే సూర్యాస్తమయం. అప్పుడు మన ఊళ్లో ఏడు గంటలు, చీకటి పడి చాలాసేపయి ఉంటుంది. ఆకాశవాణి కేంద్రాలు రాత్రి పదకొండు దాటాక ప్రసారాలు ముగిస్తాయి, గల్ఫ్ గడియారంలో అది తొమ్మిదిన్నర దాటిన వేళ. అంటే దారి పొడవునా చీకటి పరుచుకుని, అటు ట్రాన్స్‌మిటర్ కూడా పనిచేస్తూ ఉండే సమయం రోజుకు నాలుగు గంటలు. హైదరాబాద్ 738, విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927 కిలోహెర్ట్జ్. వెతకాల్సిన చోట్లు ఇవి.

ఇక అసలు విషయం. ఏరియల్ ఎంత పెద్దదైతే అంత బాగా వినిపిస్తుందన్న నమ్మకం మనలో చాలామందికి ఉంది. ఇంటి మీద రెండు వెదురు గడలు పాతి, మధ్యన రాగితీగ లాగి, దాన్ని రేడియోకు తగిలించిన తరం మనది. పంపడానికి ఆ నమ్మకం నిజమే. వినడానికి, అందునా 30 మెగాహెర్ట్జ్ లోపల, అది సగమే నిజం. ఎందుకంటే అక్కడ గాలిలోనే రొద నిండి ఉంటుంది. మెరుపుల చిటపటలు, పాలపుంత నుంచి వచ్చే సన్నని ఇసకపోత శబ్దం, వాటిని మించి మనుషుల యంత్రాలు పుట్టించే రొద. ఈ రొదలు ఎంతెంత ఉంటాయో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, ఐటీయూ, తన పీ.372 సిఫార్సులో సూత్రాలుగా ఇచ్చింది. వాటి ప్రకారం 10 మెగాహెర్ట్జ్ దగ్గర నగరపు రొద, ప్రతి వస్తువులోనూ వేడి వల్ల సహజంగా ఉండే రొదకు దాదాపు 80 వేల రెట్లు. ఒక మోస్తరు మంచి రిసీవర్ తనలో తాను పుట్టించుకునే రొద ముప్ఫై రెట్లు. రెండింటి మధ్యా రెండున్నర వేల రెట్ల వ్యత్యాసం ఉంది.

ఈ అంకెల అర్థం ఆశ్చర్యంగా ఉంటుంది. నగరంలో యాంటెన్నా తనకు అందాల్సిన శక్తిలో వెయ్యికి 999 పాళ్లు వృథా చేసినా, మిగిలిన ఒక్క పాలులో వచ్చే బయటి రొద ఇంకా రిసీవర్ రొద కన్నా ఎక్కువే. స్టేషన్ గొంతు, బయటి రొద రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి కాబట్టి వినికిడిలో పెద్ద తేడా పడదు. యాంటెన్నాను పదింతలు పెంచితే గొంతూ పెరుగుతుంది, రొదా పెరుగుతుంది. అందువల్ల చిన్న యాంటెన్నా కట్టేవాడు వేసుకోవాల్సిన ప్రశ్న సిగ్నల్ ఎంత వస్తోందని కాదు. ఆకాశపు రొద, నా సర్క్యూట్ రొదకు పైన వినిపిస్తోందా అని. రిసీవర్‌కు యాంటెన్నా తగిలించగానే హోరు స్పష్టంగా పెరిగితే, ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర యాంటెన్నా పొడవు చాలినట్టే.

అలాంటప్పుడు ఒక మీటరు కడ్డీని నేరుగా రేడియోకు గుచ్చితే సరిపోదా? సరిపోదు, ఎందుకో చూద్దాం. తరంగంతో పోలిస్తే మరీ పొట్టిదైన కడ్డీ విద్యుత్తు దృష్టిలో ఒక బుల్లి కెపాసిటర్. మీటరుకు సుమారు 10 పికోఫారడ్లు. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డు దాదాపు 16 వేల ఓములు. రిసీవర్ ఇన్‌పుట్ 50 ఓములు. కడ్డీలో పుట్టిన వోల్టేజీలో మూడు వందో వంతు మాత్రమే రిసీవర్‌కు చేరుతుంది. ఊట తక్కువైన బావికి మోటారు బిగించినట్టవుతుంది పని: బావిలో నీటిమట్టం బాగానే ఉంటుంది, స్విచ్ వేయగానే అడుగు కనిపిస్తుంది. కావలసింది నీళ్లు తోడకుండా మట్టం కొలిచే సాధనం.

ఆ సాధనం ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్, ఎఫ్‌ఈటీ. దాని గేటు దాదాపుగా కరెంటు తీసుకోదు. గేటు దగ్గర మిగిలేది అయిదారు పికోఫారడ్ల కెపాసిటెన్స్ మాత్రమే. కడ్డీ 10, గేటు 5 అనుకుంటే వోల్టేజీలో మూడింట రెండు వంతులు గేటుకు చేరుతుంది. ఇందులో అందమంతా ఒక చిన్న విషయంలో ఉంది. కడ్డీ కెపాసిటర్, గేటు కూడా కెపాసిటర్. ఫ్రీక్వెన్సీ మారితే రెండింటి అడ్డూ ఒకే నిష్పత్తిలో మారుతుంది. కాబట్టి ఆ మూడింట రెండు వంతులు 100 కిలోహెర్ట్జ్ దగ్గరా అంతే, 20 మెగాహెర్ట్జ్ దగ్గరా అంతే. ఏ కాయిలూ లేకుండా, ఏ ట్యూనింగూ లేకుండా వెడల్పైన బ్యాండు దానంతటదే వచ్చిపడింది. ఆ ఎఫ్‌ఈటీ వోల్టేజీని పెంచదు. బలహీనమైన వోల్టేజీకి, 50 ఓముల కేబుల్‌ను నడపగల కరెంటు బలాన్ని ఇస్తుంది, అంతే. 'యాంప్లిఫయర్' అన్న మాట చూసి ఎన్ని డెసిబెల్స్ గెయిన్ అని అడిగి కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

ఈ తరహాలో ప్రపంచమంతా ఎరిగిన డిజైను నెదర్లాండ్స్ అమెచ్యూర్ రూలోఫ్ బక్కర్ రూపొందించిన మినీ విప్. ఒక చిన్న రాగిరేకు, ఒక జే310 ఎఫ్‌ఈటీ, దాని వెనక 2ఎన్5109 అనే గట్టి ట్రాన్సిస్టర్. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైన వెబ్ ఎస్‌డీఆర్ రిసీవర్ వినేది ఈ రేకుతోనే. ప్రపంచంలో ఎక్కడివాళ్లైనా బ్రౌజర్ తెరిచి షార్ట్ వేవ్ అంతా వినే చోటు అది.

అంత చిన్న రేకు అంత పని ఎలా చేస్తోందో ఆ రిసీవర్ నడిపే పీటర్ ట్యెర్క్ డి బూర్ విశ్లేషించి చూపించారు. వోల్టేజీ అంటే రెండు బిందువుల మధ్య తేడా. రేకు ఒక బిందువు. రెండోది ఏది? కిందికి దిగే కేబుల్ పై లోహపు జల్లెడ, అంటే షీల్డ్. రేకును స్తంభం మీద పెట్టినప్పుడు, గాలిలోని విద్యుత్ క్షేత్రాన్ని స్తంభమంత ఎత్తు మీద కొలుస్తున్నాం. ఎత్తు పెరిగేకొద్దీ సిగ్నల్ పెరిగేది అందుకే. నా దృష్టిలో చిన్న యాంటెన్నాల గురించి తెలుసుకోవలసిన వాటిలో ఇదే ముఖ్యమైనది. ఎందుకంటే ఆ కేబుల్ రెండో కొస మన ఇంట్లో ఉంది. ఫోన్ చార్జర్లు, ఎల్ఈడీ దీపాల డ్రైవర్లు, టీవీ, రౌటర్ అన్నీ కలిసి ఇంటి వైరింగులోకి వదిలే రొద ఆ జల్లెడ మీదుగా పైకెక్కి రెండో బిందువును ఊపేస్తుంది. గేటు దగ్గర సర్క్యూట్‌కు అది సిగ్నలో రొదో తెలియదు. విల్లాలో ఉంటే దీనికి మందుంది: స్తంభం అడుగునే కేబుల్ జల్లెడను భూమికి కలపడం, అక్కడి నుంచి ఇంటి వైపు కేబుల్‌ను ఫెరైట్ రింగు చుట్టూ పదీ పన్నెండు చుట్లు తిప్పడం, వీలైతే మధ్యలో ఒక ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. ఇరవయ్యో అంతస్తులో భూమిని ఎక్కడి నుంచి తెస్తాం?

అందుకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లకు నా సలహా రెండో రకం. మీటరు వ్యాసమున్న ఒక చుట్టు, లూప్. కడ్డీ విద్యుత్ క్షేత్రాన్ని పట్టుకుంటే లూప్ అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటుంది. లూప్‌లో పుట్టే వోల్టేజీ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది. చుట్టు ఒక కాయిల్ కనుక దాని అడ్డు కూడా ఫ్రీక్వెన్సీతో పాటే పెరుగుతుంది. చివరలను దాదాపు సున్నా ఓములున్న ఇన్‌పుట్‌కు కలిపితే ప్రవహించే కరెంటు అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకటే. కడ్డీకి దాదాపు అనంతమైన ఇన్‌పుట్ అడ్డు కావాలి, లూప్‌కు దాదాపు శూన్యమైనది కావాలి. ఎదురెదురు దారుల్లో వెళ్లి రెండూ ఒకే చోటికి, బ్యాండంతా సమానంగా వినే గుణానికి చేరాయి. ప్రకృతిలో ఇలాంటి జంట పొందికలు కనిపించినప్పుడు కలిగే ఆనందం కోసమే చాలామంది సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటారని నా నమ్మకం.

లూప్‌కు కష్టం లేకపోలేదు. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర మీటరు లూప్‌లో పుట్టే వోల్టేజీ, మీటరు కడ్డీలో పుట్టే దానిలో ముప్ఫయ్యో వంతు. దాని వెనక ఉండే యాంప్లిఫయర్ అంతకు తగ్గట్టు నిశ్శబ్దంగా ఉండాలి. కానీ దాని రెండు చేతులూ సమానం, అంటే బ్యాలెన్స్‌డ్. కేబుల్ మీదుగా వచ్చే రొద రెండు వైపులా ఒకేలా వచ్చి, తీసివేతలో పోతుంది. పైగా దానికి దిక్కు తెలుసు. చుట్టు తలం ఏ వైపుకు ఉంటే ఆ వైపు బాగా వింటుంది, దానికి అడ్డంగా ఉన్న దిక్కున చెవిటిది.

ఆ చెవిటితనం ఈ దేశంలో ఎలా అక్కరకొస్తుందో లెక్క వేద్దాం. దుబాయ్ నుంచి విజయవాడ తూర్పుకు కొంచెం దక్షిణంగా, ఉత్తరం నుంచి 105 డిగ్రీల మీద ఉంటుంది. అబూ ధాబీ అవతల అల్ ధబ్బియాలో వందల కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లున్న ప్రసార కేంద్రం ఉంది. ప్రపంచ దేశాల రేడియోలెన్నో అక్కడి నుంచి పలికాయి. అది దుబాయ్‌కి నైరుతిలో, దాదాపు 224 డిగ్రీల మీద. లూప్ చెవిటి వైపును అల్ ధబ్బియాకు తిప్పితే, విజయవాడ లూప్ తలానికి 29 డిగ్రీల పక్కకు పడుతుంది. దాని వల్ల పోయేది విజయవాడ వోల్టేజీలో 13 శాతం మాత్రమే. పొరుగున అరుస్తున్న రాక్షసుడి నోరు మూయించడానికి అది చాలా చవకైన ధర.

నోరు మూయించాల్సిన అవసరం ఎందుకంటే, యాక్టివ్ యాంటెన్నాకు అసలు పరీక్ష బలహీనమైన స్టేషన్ల దగ్గర కాదు, బలమైన వాటి దగ్గర వస్తుంది. వెడల్పైన బ్యాండంటే తలుపులన్నీ తెరిచి ఉంచడం. ఒకే ఎఫ్‌ఈటీ గుండా వందల స్టేషన్లు ఒకేసారి పోతాయి. ఏ ట్రాన్సిస్టరూ పూర్తిగా సరళరేఖలో నడవదు. ఆ కాస్త వంకర వల్ల స్టేషన్లు ఒకదానితో ఒకటి కలిసి, గాలిలో లేని కొత్త స్టేషన్లను పుట్టిస్తాయి. ఉదాహరణకు 1170, 1575 కిలోహెర్ట్జ్ మీద రెండు బలమైన ప్రసారాలుంటే, వాటి కూడిక 2745 దగ్గర ఒక దయ్యం లేస్తుంది. రెండింతలు 1170 నుంచి 1575 తీసేస్తే 765, అక్కడ ఇంకొకటి. ఈ రెండో రకానికి ఒక దుర్గుణం ఉంది: అసలు స్టేషన్లు రెండూ ఒక డెసిబెల్ పెరిగితే ఇది మూడు డెసిబెల్స్ పెరుగుతుంది. గల్ఫ్ అవతలి ఒడ్డున ఇరాన్ మీడియం వేవ్ కేంద్రాలు, ఇవతల అరబ్ కేంద్రాలు, నగరం నడుమ ఎఫ్ఎం టవర్లు. వీటన్నిటి మధ్యా నలిగే చిన్న ట్రాన్సిస్టర్‌కు ధారాళంగా కరెంటివ్వాలి. మినీ విప్‌లో 2ఎన్5109ని యాభై మిల్లీయాంపియర్ల దరిదాపుల్లో నడపడం దుబారా కాదు, సరళరేఖకు చెల్లించే వెల. రెండు ట్రాన్సిస్టర్లను ఎదురెదురుగా పెట్టి పుష్ పుల్ పద్ధతిలో నడిపితే కూడికల దయ్యాలు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 30 మెగాహెర్ట్జ్ పైన కత్తిరించే లో పాస్ ఫిల్టర్ ఎఫ్ఎం దాడిని ఆపుతుంది. ఈ మూడూ లేని చవక యాంటెన్నాలో స్టేషన్లు ఎక్కువ వినిపిస్తే సంబరపడొద్దు. వాటిలో చాలా దయ్యాలే.

వాతావరణం సంగతి యూరప్ డిజైన్లు పట్టించుకోనిది. యాభై మిల్లీయాంపియర్లు, 12 వోల్టులు అంటే 0.6 వాట్లు. నీడలో 50 డిగ్రీలకు చేరే ఎండలో, గాలాడని నల్లటి గొట్టంలో ఆ ట్రాన్సిస్టర్ ఉడికిపోతుంది. తెల్ల గొట్టం వాడాలి, ట్రాన్సిస్టర్‌కు హీట్ సింక్ తొడగాలి. వేసవి రాత్రుల్లో తీరం వెంట ఉప్పుతో కూడిన తేమ కడ్డీ మొదట్లో పేరుకుంటుంది. పగటి దుమ్ము దాని మీద అంటుకుని సన్నని వాహక పొర అవుతుంది. పది కిలోహెర్ట్జ్ దగ్గర కడ్డీ అడ్డు 16 లక్షల ఓములు. ఆ తడి పొర అందులో సింహభాగం కాజేయగలదు. కడ్డీ మొదలుకు వాన టోపీ లాంటి కప్పు పెట్టి, నెలకోసారి మంచినీళ్లతో తుడవడమే విరుగుడు. షమాల్ గాలి వీచినప్పుడు ఇసుక రేణువులు కడ్డీకి స్థిరవిద్యుత్తు అంటిస్తాయి. ఎఫ్‌ఈటీ గేటు దాన్ని భరించలేదు. ఒక మెగఓమ్ రెసిస్టర్ ద్వారా ఆ చార్జి దిగిపోయే దారి, గేటు దగ్గర రెండు రక్షణ డయోడ్లు తప్పనిసరి.

ఇన్ని చేసినా ఫ్లాట్‌లో రొద ఉంటుంది. దాన్ని వేటాడాలి. బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్సిస్టర్ రేడియోను స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి, ఇల్లంతా తిప్పండి. మీటర్ బోర్డు దగ్గర మెయిన్ స్విచ్ కట్టేసి ఒక్క నిమిషం వినండి. రొద ఆగిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కో స్విచ్ వేస్తూ పోతే దొరుకుతాడు. ఆగకపోతే అది బిల్డింగు చిల్లర్ మోటార్లదో, పక్కింటిదో, పైకప్పు సోలార్ ఇన్వర్టర్లదో. దానికి లూప్ తిప్పడమే మార్గం. యాంటెన్నాకు కరెంటిచ్చే అడాప్టర్ కూడా స్విచింగ్ రకం కాకూడదు. పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ గానీ బ్యాటరీ గానీ వాడాలి. రొదను పట్టే యంత్రానికి రొద పుట్టించే యంత్రంతో అన్నం పెట్టడం చాలాచోట్ల జరుగుతున్న పొరపాటు.

ఐటీయూ లెక్కల్లోనే ఇంకో అంకె ఉంది. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర నగరంలో మనుషులు పుట్టించే రొద, ప్రశాంతమైన మారుమూల ప్రాంతంలో ఉన్నదానికి 200 రెట్లు. ఏ యాంటెన్నా డిజైనూ ఇవ్వలేని లాభమది. కారెక్కితే వస్తుంది. ఎమిరేట్స్‌లో ఆ పనికి ఎడారి కన్నా మంచి చోటు తూర్పు తీరం: కల్బా, ఖోర్ ఫక్కాన్, ఫుజైరా. వెనక హజర్ కొండలు దుబాయ్, షార్జాల రొదకు అడ్డుగోడ. ఎదురుగా మన దేశం దాకా నీళ్లు. ఎండిన ఇసుక కన్నా ఉప్పునీరు వేల రెట్లు మంచి వాహకం. తక్కువ కోణంలో వచ్చే మీడియం వేవ్‌కు అంతకన్నా అనువైన నేల లేదు. ఎడారి నడుమ లీవా, అల్ ఖువా లాంటి చోట్లకు వెళ్తే వేరే పరీక్ష ఎదురవుతుంది. 10 మెగాహెర్ట్జ్ దగ్గర అక్కడ మిగిలేది పాలపుంత రొద, వేడి రొదకు 800 రెట్లు. నగరంలో దాక్కున్న యాంప్లిఫయర్ లోపాలు అక్కడ బయటపడతాయి. మంచి డిజైనేదో, నాసిదేదో తేల్చుకోవడానికి ఎడారి రాత్రే ప్రయోగశాల.

పాలపుంత రొదను కార్ల్ జాన్‌స్కీ అమెరికాలో 20.5 మెగాహెర్ట్జ్ మీద కనిపెట్టి 1933లో ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రం అక్కడ మొదలైంది. ఇప్పుడు ఆ శాస్త్రమే మన బాల్కనీ సూత్రాన్ని వాడుకుంటోంది. 2010లో నెదర్లాండ్స్‌లో ప్రారంభమైన లోఫార్ టెలిస్కోప్‌లో వేలాది చిన్న యాక్టివ్ డైపోల్‌లు పొలాల్లో నిలబడి ఉంటాయి. న్యూ మెక్సికోలోని లాంగ్ వేవ్‌లెంగ్త్ అర్రే మొదటి కేంద్రంలో అలాంటివి 256. ఒక్కోటి చవకది, ఒక్కోటి పొట్టిది. ఆకాశపు రొద సర్క్యూట్ రొదను దాటితే చాలన్న లెక్క మీదే అవన్నీ కట్టారు. మిగతా పని కంప్యూటర్లది. మన హిందూపురం సరిహద్దు దాటగానే ఉండే గౌరీబిదనూరులో 34.5 మెగాహెర్ట్జ్ మీద వెయ్యి డైపోల్‌లతో ఆకాశాన్ని విన్న కేంద్రం 1970ల నుంచీ ఉంది. అనంతపురం జిల్లా పిల్లలను సైన్స్ యాత్రకు తీసుకెళ్లే ఉపాధ్యాయులు దాన్ని గుర్తుంచుకోవాలి.

ఎమిరేట్స్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఒక విన్నపం. రేడియో పరికరాలకు ఈ దేశంలో టెలికాం నియంత్రణ సంస్థ టీడీఆర్ఏ అనుమతి నియమాలున్నాయి. బయటి నుంచి తెప్పించే ముందు అవి చూసుకోండి. సిగ్నల్ పంపాలంటే అమెచ్యూర్ లైసెన్సు ఉండి తీరాలి. ఆ తరవాత ఒక చలికాలపు శుక్రవారం సాయంత్రం పిల్లలను తీసుకుని, లూపూ బ్యాటరీ రేడియో పట్టుకుని కల్బా తీరానికి వెళ్లండి. ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా 738, 837, 900, 927 మీద లూప్ తిప్పుతూ వినండి. ఏం వినిపించిందో, ఎన్ని గంటలకో, ఎంత స్పష్టంగానో రాసి ఢిల్లీలోని ఆకాశవాణి స్పెక్ట్రమ్ విభాగానికి పంపండి. దూరపు శ్రోతల రిపోర్టులకు క్యూఎస్ఎల్ అనే ధ్రువీకరణ కార్డులు పంపే ఆనవాయితీ వాళ్లకు ఉంది. మీడియం వేవ్‌ను ఇంకా వినేవాళ్లున్నారని ఆ ట్రాన్స్‌మిటర్లు నడిపేవాళ్లకు తెలియడం ఇప్పుడు చాలా అవసరం.